పట్టుకునే పద్ధతి

పెరంబూరులో బ్యాటరీల కొట్టు మీద రెండో అంతస్తు.
మెట్ల దగ్గర యాసిడ్ వాసన, పైన డెట్టాల్ వాసన,
మధ్యలో ఎక్కడో నేను,
ముప్పై ఒకటో ఏట మళ్ళీ నోట్సు రాసుకుంటూ.
ఫీజు మూడు వాయిదాలు.
మొదటిది చీటీ పాడి కట్టాను.
రెండోదాని సంగతి ఇంకా ఆలోచించలేదు.

ఇరుదయమేరీ మేడమ్ మొదటిరోజు బోర్డు మీద
ఒకే ఒక్క మాట రాసింది: రెస్ట్రెయింట్.
ఇంగ్లీషులో చెప్పింది, అరవంలో చెప్పింది.
తెలుగులో నాకు నేనే చెప్పుకున్నాను: పట్టు.
ఉడుంపట్టు కాదు, పంతం పట్టడం కాదు,
పసిబిడ్డకి తలంటేటప్పుడు
మెడ కింద పెట్టే అరచెయ్యి ఉంటుందే,
ఆ పట్టు.

నెలరోజులు గుడ్డకుక్క మీద నేర్చుకున్నాం.
దూది బయటికొచ్చిన ముంగాలి మీద
పెన్నుతో గీసిన నీలం గీత, అదే నరం.
ఎన్నిసార్లు పొడిచినా అది ఏమీ అనదు.
నిజం కుక్క నరం అలా కాదు,
తడిచేతిలో కొరమీనులా పక్కకి జరిగిపోతుంది.
కుక్క మాత్రం
నీ మొహం వంకే చూస్తూ ఉంటుంది.

ఏం చదువుతున్నానో నాన్నకి ఆరు వారాలు చెప్పలేదు.

నాన్న ఇరవైరెండేళ్ళు
కార్పొరేషను కుక్కల బండిలో వల మోశాడు.
ఆ రోజుల్లో ఆ బండి ఎక్కిన కుక్క మళ్ళీ దిగేది కాదు.
సాయంత్రం ఆయన వీధి మొదట్లో కనబడితే చాలు,
ఉన్నవన్నీ కూడబలుక్కుని
ఇంటి గడపదాకా మొరుగుతూ దిగబెట్టేవి.
బళ్ళో నన్ను నాయ్‌వండి కూతురనేవాళ్ళు.
అరవంలో విసిరినా తెలుగులో విసిరినా
రాయి రాయే.
ఇప్పటికీ బయట మొరుగుడు వినబడితే
ఆయన లేచి వెళ్ళి తలుపేస్తాడు.

ఒకరాత్రి నా పుస్తకం చాప మీద తెరిచి ఉంది.
కళ్ళద్దాలు పెట్టుకుని బొమ్మ చూశాడు.
"ఇది తప్పు," అన్నాడు.
"ఎదురుగా నిలబడకూడదు. పక్కకి తిరగాలి.
కళ్ళలోకి చూడకు.
ముందు నీ ఊపిరి నెమ్మదించాలి, దానిది తర్వాత."
తువ్వాలు తీసి తన మోకాలికే చుట్టి చూపించాడు.
ముంజేతి మీద పంటిగాట్లు,
చిన్నప్పుడు నాకు లెక్కలు నేర్పినవి.
"ఇది పులియంతోపుది. ఇది ఓటేరిది.
ఇది ఈనిన తల్లిది..."
అక్కడ ఆగాడు.
"దానిది తప్పు లేదు," అని తువ్వాలు మడత పెట్టాడు.

నిన్న వ్యాసర్పాడి శిబిరంలో ప్రాక్టికల్.
టీడికాషన్ రంగు కుక్క, ఒక చెవి చిరిగింది.
ఇళమారన్ గోడకి అంటుకుని నిలబడ్డాడు,
వాడి బొటనవేలికి ఇంకా కుట్లు విప్పలేదు.
నేను పక్కకి తిరిగాను.
ఊపిరి వదిలాను, మరోసారి వదిలాను.
దాని గడ్డం నా మోచేతి మడతలోకి
బరువుగా, వెచ్చగా, విసుగ్గా వచ్చింది.
బొటనవేలితో నరం లేపితే
సూదిమొదట్లో ఎర్రటి చుక్క తొంగిచూసింది.
పెదవి ఎత్తి చిగురు నొక్కాను, తెల్లబడింది.
వదిలితే రెండు సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి.
వచ్చింది.
మేడమ్ ఏదో రాసుకుంది. ఎన్ని మార్కులో చెప్పలేదు.

ఇంటికొచ్చి అంతా చెప్పాను.
నాన్న ఒక్కటే అడిగాడు: "తర్వాత?"
"ఆపరేషను. చెవి కొసన చిన్న గాటు.
నాలుగురోజులు కూడు పెడతారు.
తర్వాత తెచ్చినచోటే దింపేస్తారు."
"తెచ్చినచోటంటే?"
"అదే వీధి, నాన్నా."
"అదే వీధి మొదట్లోనా, ఎక్కడో దూరంగానా?"
"అదే స్తంభం దగ్గర."
"మళ్ళీ చెప్పు," అన్నాడు,
చెవులు బాగానే పనిచేసే మనిషి.
చెప్పాను.
మూడోసారి చెబుతుంటే
బయట ఏదో మొరగడం మొదలుపెట్టింది.
తలుపు తెరిచే ఉంది.
ఆయన లేవలేదు.